అద్దె మేనమావ

స్వాతి కొడుకు కృష్ణచైతన్యకి పుట్టెంటుకలు తీయించిన రోజు కార్తీక సోమవారం. రావివలసలో ఎండల మల్లన్న గుడి చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం. పెళ్ళైన చాలా ఏళ్ళకి పుట్టిన పిల్లాడు. వాడు కడుపులో పడకముందే స్వాతి అత్త జోగమ్మ మల్లన్నకి మొక్కుకుంది. అందుకని ఆ రోజు హడావుడంతా ఆవిడదే. అన్నీ అమరాయి. పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకోవలసిన మేనమావ ఒక్కడే రాలేదు.

ఆ మేనమావ లోకనాథ్, స్వాతికి ఒక్కగానొక్క తమ్ముడు. పగలు పలాసలో ఒక జీడిపప్పు షాపులో డబ్బాలు ప్యాకింగ్ చేస్తాడు. అయితే మందస నుంచి టెక్కలి దాకా కుర్రాళ్ళెవరినడిగినా ఆ పేరు చెప్పరు, ‘ఉద్దానం లోక్’ అంటారు. బీటు పెడితే చాలు, అప్పటికప్పుడు నోటికొచ్చింది వచ్చినట్టు ప్రాసలు కట్టి ర్యాప్ చేస్తాడు. ఆ వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ముందురోజు సాయంత్రం విశాఖపట్నంలో అతనికొక ప్రోగ్రాం పడింది. వెళ్ళొద్దని స్వాతి భర్త ఈశ్వర్ చెప్పాడు. పొద్దున్న పాసింజరెక్కి ముహూర్తానికి ముందే దిగుతానని లోకనాథ్ మాటిచ్చాడు.

ఆ పాసింజరు హరిశ్చంద్రపురంలో ఆగిపోయింది. ఎంతకీ కదలలేదు. రాత్రంతా లైవులు పెట్టి పెట్టి ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. లోకనాథ్ రైలు దిగి, పొలాలకడ్డంపడి రోడ్డెక్కి, దొరికిన ఆటోలు మారుతూ వచ్చాడు.

ఇక్కడ గుడి దగ్గర ఈశ్వర్ ఫోను మీద ఫోను కొట్టాడు. వెనకాల జనం తోసుకుంటున్నారు, కత్తి పట్టుకుని కూచున్నాయన విసుక్కుంటున్నాడు. చివరికి ఈశ్వర్ స్వాతి పెదనాన్న కొడుకు మనోహర్‌ని పిలిచి, వరసకి నువ్వూ మేనమావవే కదా కూచోమన్నాడు. మనోహర్ మొహమాటపడుతూనే కూచున్నాడు. స్వాతికి అది ఇష్టం లేదు. ఇంకాసేపు ఆగుదాం బావా అందామని నోటిదాకా వచ్చింది. ఈశ్వర్ మొహం చూసి మింగేసింది.

లోకనాథ్ చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి పిల్లాడి గుండుకి గంధం పూస్తున్నారు. చేతిలో కొత్తబట్టల సంచి, అందులో వెండి మొలతాడు. దెబ్బలాడతాడనుకున్నారంతా. అతను సంచి అక్క చేతిలో పెట్టాడు. పిల్లాడి గుండు మీద ఒక్క వేలితో, ఎక్కడ నొప్పెడుతుందో అన్నట్టు, మెల్లగా నిమిరాడు. భోజనానికి కూచోకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి వీడియో వచ్చింది. పలాస స్టేషన్ బయట గోడకి ఆనుకుని నిలబడి, కెమెరాలోకి సూటిగా చూస్తూ పాడాడు:

*మల్లన్న సాచ్చిగా అడుగుతున్నాను, మావ లేని ముహూర్తమేటి?*
*తమ్ముడొచ్చీలోపల ఒళ్ళోకి పక్కోడి పిలుపేటి?*
*మైకులద్దెకిచ్చేవు, లైట్లద్దెకిచ్చేవు, నీకది యాపారమేటి?*
*మేనమావని కూడా బావా, అద్దెకి తెచ్చీసినావేటి?*

ఈశ్వర్‌కి టెక్కలిలో మైకుసెట్ల షాపు. పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ సౌండు బాక్సులూ లైట్లూ అద్దెకిస్తాడు. కాబట్టి ఆఖరి మాట తగలాల్సిన చోటే తగిలింది. తెల్లారేసరికి ఆటోల్లో అదే, టీకొట్ల దగ్గర అదే. టెక్కలి బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే మనోహర్‌ని వచ్చినవాడల్లా, మా వాడి చెవులు కుట్టించాలి అద్దెకొస్తావేటని అడగడం మొదలెట్టాడు. మనోహర్ వచ్చి స్వాతి దగ్గర లబోదిబోమన్నాడు.

ఈశ్వర్ ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. అన్నం తింటూ చూశాడు, వైర్లు చుడుతూ చూశాడు. తర్వాత షాపు షట్టరు సగం దించి, తనూ ఒకటి పాడి పెట్టాడు:

*ఊరందరికీ లైవులోన మెరిసిపోనాది మొగం,*
*మేనల్లుడి కాడికొచ్చేతలికి ఫోనులోన సార్జింగు సగం!*

అక్కణ్ణుంచి అదే తంతు. వారానికొకటి ఇతను పెడితే, దానికి జవాబు అతను పెట్టేవాడు. ఈశ్వర్ బాక్సులు బొంగురు గొంతువని లోకనాథ్ అంటే, నీ గొంతుకి ఆ బాక్సులే దిక్కని ఈశ్వర్ అనేవాడు. రెండు వైపులా జట్లు కట్టారు జనం. స్వాతి కూరగాయలకెళితే, ఈ వారం మీ తమ్ముడిదే పైచెయ్యని ఒకరు, కాదు మీ ఆయనదేనని ఒకరు. ఇద్దరికీ ఫోన్లు చేసి ఆపమని బతిమాలింది. ముందు వాణ్ణి ఆపమను అని ఇద్దరూ ఒకే మాటన్నారు.

వాళ్ళిద్దరి సంగతీ ఊరికి తెలిసింది అంతే. స్వాతికి తెలిసింది వేరు.

స్వాతి తండ్రి తిరుపతిరావుకి ఉద్దానంలో కొబ్బరితోట, కాస్త జీడిమామిడి. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. అప్పటికి లోకనాథ్ ఇంటర్ చదువుతున్నాడు. తండ్రి పోయిన రోజు నుంచి పిల్లాడికి మాట పడిపోయింది. జబ్బేం కాదు. అడిగితే తలూపేవాడు, పెడితే తినేవాడు, నోరు మాత్రం తెరిచేవాడు కాదు. తల్లి చిన్నతల్లి డాక్టర్లకి చూపించింది, తాయెత్తులు కట్టించింది. నెలలు గడిచిపోయాయి. అప్పుడు ఈశ్వర్ వాణ్ణి తన దగ్గరికి పంపమన్నాడు. ఈశ్వర్ కొత్త మనిషేం కాదు. జోగమ్మ తిరుపతిరావుకి అక్క. అంటే స్వాతికి సొంత మేనత్త కొడుకే మొగుడయ్యాడు. పుట్టినప్పట్నుంచీ అక్కాతమ్ముళ్ళిద్దరికీ అతను బావే.

షాపులో లోకనాథ్ వైర్లు చుట్టేవాడు, బాక్సులు తుడిచేవాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం పనేం లేదు. ఈశ్వర్ ఒక బీటు పెట్టి, మైకు వాడి చేతికిచ్చి చెప్పిన మాట స్వాతి వెనక గదిలోంచి విన్నది. “పాడొద్దురా. మాటాడొద్దు. నన్ను తిట్టు. నీకు తిక్కరేగినట్టు తిట్టు, నానేటీ అనుకోను.”

చాలాసేపు బాక్సుల్లోంచి ఊపిరి ఒక్కటే వినిపించింది. బీటు అలా తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత తమ్ముడి గొంతు, తుప్పు పట్టినట్టు, “బావా, నీ మీసం బాలేదు,” అంది. ఈశ్వర్ పకపకా నవ్వాడు. స్వాతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు మొదలు వాడు బావని తిడుతూ తిడుతూ మాటల్లోకొచ్చాడు. తిట్టడం నుంచి ప్రాస, ప్రాస నుంచి పాట. ఈశ్వర్ వాడికి బీటు మీద నిలబడ్డం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అన్నీ నేర్పాడు. పందెం వేసుకుని గంటలకొద్దీ ఒకర్నొకరు తిట్టుకుని, చివరికి ఒకే కంచంలో తినేవారు.

అందుకే ఈ తగువు వినడం స్వాతికి అందరికంటే కష్టంగా ఉండేది. ఊరికి అది సరదా. ఆమెకి తన ఇంట్లో ప్రేమగా పుట్టిన విద్య తన ఇంటి మీదే రాళ్ళేస్తున్నట్టుండేది.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత వారంలో ఈశ్వర్ పెట్టిన వీడియోలో ఒక మాట పడింది:

*స్టేజీ మీద సింగానివి, ఇంటికాడ సున్నా,*
*సూడకుండా పోయేడు, బతికిపోయేడు మీ నాన్న.*

కింద కామెంట్లలో చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. స్వాతి అది పిల్లాడికి అన్నం పెడుతూ చూసింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఈశ్వర్‌తో ఆ రోజు మాట్లాడలేదు. ప్రాస కుదిరిందని వచ్చేసిందే గానీ కావాలని అనలేదని అతనే రెండుసార్లు అన్నాడు. తీసెయ్యమంటే, తీసేస్తే ఓడిపోయినట్టని నసిగాడు. మర్నాడు చెప్పకుండా తీసేశాడు. కానీ అప్పటికే అది నలుగురి ఫోన్లలోకీ ఎక్కిపోయింది.

జవాబు రాలేదు.

ఒక వారం పోయింది, ఇంకో వారం పోయింది. లోకనాథ్ ఇంకేం పెట్టలేదు, బావ మీదే కాదు, దేని మీదా. ఇన్నాళ్ళూ తిట్టుకోవద్దని బతిమాలిన స్వాతి ఇప్పుడు పొద్దున్న లేస్తూనే ఫోను తీసి తమ్ముడేమైనా తిట్టాడేమోనని చూడడం మొదలుపెట్టింది. ఈశ్వర్ కూడా అదే పని చేస్తున్నాడు. కాకపోతే ఆమె చూస్తే ఫోను బోర్లించేవాడు. తల్లి చిన్నతల్లికి ఫోను చేస్తే, ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడ్డం లేదమ్మా, పనికెళ్తున్నాడు, వస్తున్నాడు, తింటున్నాడు అంది. ఇదివరకు కూడా అలాగే మొదలైంది.

కొడుకు చైతూని చంకనేసుకుని పలాస వెళ్ళింది. షాపు వెనక గదిలో, వేపిన జీడిపప్పు వాసనలో, లోకనాథ్ డబ్బాలకి మూతలు బిగిస్తున్నాడు. అక్కని చూసి లేచాడు, స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. మేనల్లుణ్ణి ఎత్తుకున్నాడు. మొలకలొచ్చిన జుట్టు మీద గడ్డం ఆనించి కాసేపు అలా ఉండిపోయాడు. అడిగినదానికల్లా నెమ్మదిగా, మర్యాదగా జవాబు చెప్పాడు. స్వాతి లేచి వచ్చేస్తుంటే, గుమ్మం దాకా వచ్చి అడిగాడు.

“మీవారు బాగున్నారా అప్పా?”

స్వాతి గుమ్మంలోనే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాడు ఈశ్వర్‌ని నువ్వు అనడమే. కోపమొస్తే ఒరే బావా. ఏనాడూ మీరు లేదు, మీవారు లేదు. పరాయివాళ్ళని అడిగినట్టు అడిగాడు. టెక్కలి బస్సులో కూచుని దారిపొడుగునా ఆ మాటే నెమరేసుకుంది.

ఇంటికొచ్చి ఈశ్వర్‌తో చెప్పింది. అతను యాంప్లిఫయరు విప్పి పెట్టుకుని కూచున్నాడు. చెయ్యి ఆగిపోయింది. “మీవారు అన్నాడేటి?” అని మళ్ళీ అడిగాడు. అవునంది. ఆ రాత్రి అతను అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఎన్ని తిట్లు తిన్నా రాని నీరసం ఆ ఒక్క మర్యాదకి వచ్చింది.

జోగమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడకి ఫోను చూడ్డం రాదు గానీ ఇంట్లో గాలి ఎటు వీస్తున్నదీ తెలుసు. తమ్ముడు తిరుపతిరావు పోయినప్పుడు ఆవిడ శవం మీద పడి పెట్టిన శోకాలు ఉద్దానంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా పెళ్ళికి పట్టుచీర పెడతానని నేతచీర పెట్టినావురా తమ్ముడా, పండక్కి పిలిసి పాతకంచంలో పెట్టినావురా తమ్ముడా అని, ఉన్న కక్షలన్నీ రాగమెత్తి బయటపెట్టింది. వింటున్న ఆడవాళ్ళు ఏడుస్తూనే మధ్యమధ్యలో నవ్వు ఆపుకోలేకపోయారు. దింపుడు కళ్ళం దాకా తిట్టి తిట్టి, ఆ తర్వాత ఆవిడ కడుపు తేలికయింది.

మర్నాడు మధ్యాహ్నం ఈశ్వర్ ఒక పెళ్ళివారింటికి బాక్సులు దింపడానికి వెళ్ళాడు. స్వాతి షాపులో కూచుంది. చైతూ నేల మీద ఒక ఖాళీ కేబుల్ చక్రాన్ని దొర్లిస్తున్నాడు. తమ్ముడికి ఫోను చేసింది, తియ్యలేదు. వాయిస్ మెసేజ్ పెడదామని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. తమ్ముడూ అంది. తర్వాత ఏమనాలో తోచలేదు. తప్పు బావదేరా అంటే మొగుణ్ణి అప్పజెప్పినట్టు, నువ్వు సర్దుకోరా అంటే తండ్రిని అన్న మాటని మింగమన్నట్టు. మళ్ళీ మళ్ళీ చెరిపేసింది.

ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా గొంతులోకి మేనత్త రాగం వచ్చింది. డప్పు లేదు, బీటు లేదు. చేత్తో బల్ల మీద తడుతూ అందుకుంది:

*ఓరి తమ్ముడా, నా సిట్టి తమ్ముడా,*
*ఆ జుత్తు నా కడుపులోన మొలిసింది, నన్నొకడైనా అడిగినాడ్రా?*
*ఓరి బావా, నా మేనత్త కొడకా,*
*మీ నాన్న మీ నాన్న అన్నావు, ఆయన నా నాన్న కాడేట్రా?*
*నువ్వు ఇసిరితే ఆడికి తగిల్తాదనుకున్నావు,*
*ఆడు ఇసిరితే నీకు తగిల్తాదనుకున్నాడు,*
*మద్దిన నిలబడ్డదాన్ని, ముందల నాకే తగిల్తాది కదరా.*
*కోపముంటే తిట్టరా తమ్ముడా, మీరని మాత్తరం అనకురా,*
*మీరన్నోడికి నానేటి వొండి పెట్టగలనురా.*

అయిపోయేసరికి మొహమంతా తడిసిపోయింది. తలెత్తితే షాపు గుమ్మంలో జోగమ్మ నిలబడి ఉంది. బతికున్నోళ్ళ మీద శోకం పెట్టకూడదని మందలిస్తుందేమో అనుకుంది. జోగమ్మ లోపలికొచ్చి కొంగుతో కోడలి మొహం తుడిచింది. “నీ నోట్లో కూడా ఉన్నాదే అమ్మీ,” అంది. “నాకొక్కదానికే ఉన్నాదనుకున్నాను.”

స్వాతి అది తమ్ముడికి ఒక్కడికే పంపింది. సాయంత్రం ఈశ్వర్ వచ్చాక అతనికీ ఒక్కసారి వినిపించింది. అతను తల వంచుకుని విన్నాడు. విని, ఇది పెడితే మా ఇద్దరివీ ఎవరూ చూడరన్నాడు. స్వాతి నవ్వలేదు. ఇది ఊరికి కాదు బావా అంది.

మూడో రోజు ఆదివారం. ఈశ్వర్ షాపు ముందర కూచుని స్టాండ్లకి రంగు వేస్తుంటే లోకనాథ్ ఆటో దిగాడు. చెప్పులు విప్పలేదు, కూచోలేదు. వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. స్వాతి లోపల్నుంచి చూసి, బయటికి రాబోయి, ఆగింది.

“ఒరే బావా,” అన్నాడు లోకనాథ్.

ఆ ఒరే వినగానే స్వాతికి ఒళ్ళంతా వేడినీళ్ళు పోసినట్టు హాయిగా అయింది.

“అరగంట. అరగంట ఆగలేకపోయావేటి? పొలంగట్ల మీద పడి పరిగెత్తుకొచ్చినాను. నువ్వు ఆగుతావనే పరిగెత్తినాను.”

ఈశ్వర్ బ్రష్షు డబ్బాలో పెట్టాడు.

“ఆగొచ్చును. కత్తి పట్టుకున్నాయన తొందరపెట్టేడని సెప్తాను గానీ, ఆగొచ్చును. ఇంకోటి నా కడుపులో ఉన్నాది. పుట్టెంటుకలకి ముందు ఇశాపట్నంలో ఎవడో మైకెట్టి నిన్నడిగేడు కదా, ఈ ఇద్ద నీకెవలు నేర్పేరని. ఎవరూ లేరన్నావు. నాకు నానే అన్నావు. నాను ఈ కుర్సీలోనే కూకోని సూసేను. సరే, లేనోడు లేనట్టే ఉందాం అనుకున్నాను. గుడికాడ నువ్వు రాకపోతే ఆ కోపమంతా అక్కడ పనికొచ్చింది.”

లోకనాథ్ అతని వంక అర్థం కానట్టు చూశాడు.

“అదేటి బావా. ఆడెవడో దారిన పోయినోడు మైకెట్టి అడిగితే నీ పేరు సెప్పాలేటి? నీ పేరు సెప్తే కత సెప్పాల. నాన్న పోతే నాకు మాట పడిపోనాదని, నువ్వు నన్ను తిట్టమని తిట్టమని మాట తెప్పించినావని, అదంతా ఆడికి సెప్పాలేటి? ఆడు దానికి మంచి మ్యూజిక్కేసి అమ్ముకుంటాడు. అది ఆడిది కాదు. మనది.”

ఈశ్వర్ లేవబోయి రంగు డబ్బా తన్నేశాడు. నల్లరంగు మెట్ల మీదికి పారింది. ఇద్దరూ దాన్ని చూశారు, ఎవరూ కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ స్వాతికి అనిపించింది, తిట్లన్నీ ఊరందరికీ వినిపించేలా పెట్టారు, ఇదొక్కటీ మాత్రం ఒకరికొకరు కూడా చెప్పుకోకుండా దాచుకున్నారు. అది బయటికి రావడానికే ఇన్ని నెలలు పట్టింది.

“మరి నాన్న మాట?” అన్నాడు లోకనాథ్, కాస్త నెమ్మదిగా.

తప్పయిపోయిందిరా అన్నాడు ఈశ్వర్. లోకనాథ్ తలూపబోయాడు. అప్పుడు లోపల్నుంచి జోగమ్మ వచ్చింది. చీపురుకట్ట చేతిలో ఉంది, ఊడుస్తూ వచ్చిందేమో.

“సరిపోద్దేటి?” అంది కొడుకుతో. “ఆడు నీకు మావ, ఆడికి నాన్న. నాకు తమ్ముడు. సచ్చినోణ్ణి బజార్లో ఎట్టినావు. బజార్లో అన్న మాట ఇంట్లో గుమ్మం సాటున ఎనక్కి తీసుకుంటావేటి? బజార్లోనే తియ్యి.”

ఆ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ముందు మెట్లు కడగండని స్వాతి కిరసనాయిలు తెచ్చిచ్చింది. బావా బావమరుదులిద్దరూ మోకాళ్ళ మీద కూచుని, గోనెగుడ్డలతో ఆ నల్లరంగు తుడిచారు. భోజనానికి స్వాతి పనసపొట్టు కూర వండింది. లోకనాథ్ మూడుసార్లు వడ్డించుకుని, ఉప్పు తక్కువైందన్నాడు.

శివరాత్రికి ముందు కాశీబుగ్గలో కుర్రాళ్ళు ఒక ప్రోగ్రాం పెట్టారు. సాయంత్రం ఎండ తగ్గాక మొదలు. సౌండు ఈశ్వర్‌దే. పోస్టర్ల మీద ఉద్దానం లోక్ బొమ్మ. బావా బావమరుదులు ఎదురుపడతారంట అని ఊరంతా పాకింది. మందస నుంచి, సోంపేట నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో జోగమ్మా, చిన్నతల్లీ, ఒళ్ళో చైతూతో స్వాతీ. మనోహర్ కూడా వచ్చాడు గానీ ఎవరూ గుర్తుపట్టకుండా ఎక్కడో వెనకాల నిలబడ్డాడు.

లోకనాథ్ రెండు పాటలయ్యాక బావని స్టేజీ మీదికి పిలిచాడు. జనం ఈలలు వేశారు. అద్దెమావా అద్దెమావా అని అరిచారు. మిక్సరు దగ్గర్నుంచి ఈశ్వర్ లేచి వచ్చాడు. మైకులు ఊరికి అద్దెకిచ్చే మనిషి, ఆ రోజు మైకు ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. బీటు ఆపమన్నాడు. బాక్సులు గమ్మునయ్యాయి.

“నానేటీ పాడను,” అన్నాడు. “తిరుపతిరావు మా మేనమావ. నాకు సైకిలు నేర్పినోడు. పడిపోతే లేపినోడు. పోయినోణ్ణి పట్టుకుని నాను ఒక మాట అన్నాను. మీరందరూ ఇన్నారు. ప్రాస కుదిరిందని అన్నాను. ప్రాస కుదిరినా తప్పు తప్పే. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. మా అమ్మ ఇక్కడే ఉన్నాది. మా అత్త ఉన్నాది. మా అత్త…”

చిన్నతల్లి వైపు చూశాడు. మైకు నోటి దగ్గరే ఉంది. అతను మింగడం, ముక్కు ఎగబీల్చడం అంత మైదానానికీ వినిపించింది. జనానికి ఏం చెయ్యాలో తెలియలేదు. వెనకాల ఎవడో నవ్వాడు. స్వాతి లేచి నిలబడింది. వెళ్ళి అతన్ని దింపేద్దామా అనిపించింది.

అప్పుడు లోకనాథ్ రెండో మైకు అందుకున్నాడు. బీటు లేకుండానే, కాలితో చెక్క మీద తడుతూ:

*ఏడవకు బావా, మైకు తడిసిపోద్ది,*
*తడిసిందంటే మళ్ళీ సౌండు బొంగురుపోద్ది.*
*నీ షాపు మైకే కదా, పాడైతే నీకే నట్టం,*
*నువ్వు తిడితే పర్లేదు, ఏడిత్తేనే నాకు కట్టం.*

మైదానం ఒక్కసారి పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ఈశ్వర్ ఏడుపు ఎవరికీ కనిపించలేదు. అతను మొహం తుడుచుకుని, మైకు కూడా చొక్కాతో తుడిచి, సౌండు బాగానే ఉందిరా వెధవా అన్నాడు. మళ్ళీ నవ్వారు. చిన్నతల్లి నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల మాత్రం ఆడించింది, సరే నాయనా అన్నట్టు. ఏమన్నాడే, ఈ జనం గోలకి నాకు సగమే వినిపించిందని జోగమ్మ పక్కనుంచి అడుగుతూనే ఉంది. స్వాతి ఆవిడ చెవిలో అంతా మొదట్నుంచి చెప్పింది.

చీకటి పడ్డాక సామానంతా వ్యానుకి ఎక్కించారు. ముందు సీట్లో ఆడవాళ్ళు ఇరుక్కుని కూచున్నారు. వెనక బాక్సుల మధ్య లోకనాథ్. చైతూ వాడి భుజం మీద నిద్రపోయాడు. పిల్లాణ్ణి ముందుకిమ్మని ఈశ్వర్ అంటే, లేస్తాడు ఉండనీ అన్నాడు. పూండి దగ్గర వ్యాను ఆగింది. అక్కణ్ణుంచి ఉద్దానం రోడ్డు. తల్లీకొడుకులు ఆటో ఎక్కి వాళ్ళ ఊరు వెళ్ళాలి.

లోకనాథ్ పిల్లాణ్ణి అక్క ఒళ్ళోకి మార్చాడు. చొక్కా భుజమంతా చొంగ. చూసుకుని, తుడుచుకోలేదు. చిన్నతల్లి దిగి ఆటోలో కూచుంది. లోకనాథ్ కూడా వెళ్ళాలి. కానీ ఈశ్వర్ ఇంజను ఆపకుండానే దిగాడు. ఇద్దరూ బండి లైట్ల వెలుగులో రోడ్డు వారగా నడవడం మొదలుపెట్టారు. ఎక్కడికో తెలియదు, ఎందుకో తెలియదు. ఈశ్వర్ ఏదో అన్నాడు. లోకనాథ్ ఆగి, చేతులు తిప్పుతూ జవాబిచ్చాడు. మళ్ళీ నడిచారు.

ఏటి మాటాడుకుంటన్నార్రా వీళ్ళు, ఆటోవాడు అరుస్తున్నాడు అని జోగమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. స్వాతి ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఇంజను చప్పుడులో ఆమెకీ ఒక్క ముక్క వినిపించడం లేదు. వినాలని కూడా అనిపించలేదు. పిల్లాడి కాళ్ళ మీద కొంగు కప్పి, సీటుకి చేరగిలబడి, వాళ్ళు వచ్చేదాకా కూచుంది.